పాల లెక్కలు మెమరీలో ఉంచవచ్చా?

ప్రశ్న: నేను ఎంసీఏ చదువుతున్నాను. మాది పల్నాడులో ఒక ఊరు. నాన్న పాల కేంద్రం నడుపుతారు. సుమారు 140 మంది రైతులు పొద్దున, సాయంత్రం పాలు పోస్తారు. లీటర్లు, ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ (కొవ్వు కాక పాలలో ఉండే ఘనపదార్థం) నాన్న నోట్‌బుక్‌లో రాసుకుని పదిహేను రోజులకోసారి బిల్లు చేస్తారు. ఆయన పని తేలికవుతుందని ఫ్లాస్క్‌లో (వెబ్‌సైట్లు తయారు చేయడానికి వాడే పైథాన్ పనిముట్టు) చిన్న వెబ్ అప్లికేషన్ చేశాను. నాన్న ఫోన్‌లో ఎంట్రీ చేస్తే రైతులు తమ ఫోన్‌లో చూసుకోవచ్చు. డేటా మొత్తం పైథాన్ డిక్షనరీలో, అంటే ప్రోగ్రామ్ మెమరీలోనే ఉండే పట్టికలో పెట్టాను. లాప్‌టాప్‌లో బాగానే పనిచేసింది. ఫ్రీ హోస్టింగ్‌లో పెట్టాక పొద్దున ఎంట్రీలు సాయంత్రానికి ఉండటం లేదు. ఒక వీడియోలో చెప్పారని వర్కర్లు నాలుగు పెట్టాను. ఇప్పుడు ఎంట్రీ ఒకసారి కనిపిస్తుంది, రిఫ్రెష్ చేస్తే పోతుంది, ఇంకోసారి చేస్తే వస్తుంది. ఫ్రెండ్ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పెట్టమంటోంది. సీనియర్ ఒకాయన డేటాబేస్ స్లో, డేటాను మెమరీలో ఉంచే రెడిస్ వాడమంటున్నారు. జేసన్ అనే మామూలు టెక్స్ట్ ఫైల్‌లో రాసేస్తే సరిపోదా అని నాకనిపిస్తోంది. డేటాబేస్‌తో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్ అంటే కాస్త టెన్షన్. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, నరసరావుపేట దగ్గర

జవాబు: మీ కోడ్‌లో తప్పు వెతుకుతూ కూర్చోకండి, అక్కడ దొరకదు. గునికార్న్ లాంటి సర్వర్‌కు నాలుగు వర్కర్లు కావాలని చెబితే, అది మీ అప్లికేషన్‌ను నాలుగు వేరు వేరు ప్రాసెస్‌లుగా నడుపుతుంది. ఒక ప్రాసెస్ మెమరీలో ఉన్నది ఇంకో ప్రాసెస్‌కు కనిపించదు. ఆపరేటింగ్ సిస్టమ్ కావాలనే వాటిని అలా విడిగా ఉంచుతుంది. అంటే మీ డిక్షనరీ ఇప్పుడు ఒకటి కాదు, నాలుగు. పాల కేంద్రంలో నలుగురు గుమాస్తాలను కూర్చోబెట్టి తలా ఒక నోట్‌బుక్ ఇచ్చినట్టు. మీ నాన్నగారి ఎంట్రీ ఎవరి చేతికి వెళ్తే వాళ్ల పుస్తకంలోకే ఎక్కుతుంది. రైతుకు ఇంకో గుమాస్తా ఎదురైతే "మీ పాలు రాలేదే" అంటాడు. రిఫ్రెష్ చేసినప్పుడు ఆ రిక్వెస్టు ఏ వర్కర్‌కు వెళ్తుందన్నది మీ చేతిలో లేదు.

పొద్దున ఎంట్రీలు సాయంత్రానికి పోవడానికి కారణం వేరు. ఫ్రీ హోస్టింగ్ ఇచ్చేవాళ్లు చాలామంది, కాసేపు ఎవరూ సైట్ తెరవకపోతే అప్లికేషన్‌ను ఆపేస్తారు. ఎవరైనా తెరిచినప్పుడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు. రెండర్ అనే హోస్టింగ్ కంపెనీ ఫ్రీ ప్లాన్‌లో ఆ గడువు 15 నిమిషాలు. డబ్బు కట్టినా పూర్తిగా తప్పించుకోలేం. హెరోకు అనే ఇంకో హోస్టింగ్‌లో నడిచే ప్రతి అప్లికేషన్ రోజుకు ఒక్కసారైనా రీస్టార్ట్ అవుతుందని వాళ్లే డాక్యుమెంటేషన్‌లో రాసిపెట్టారు. మీ దగ్గర పొద్దున పాలు పోయడం అయిపోయాక సాయంత్రం దాకా సైట్ తెరిచే పని ఎవరికీ ఉండదు. కాబట్టి సరిగ్గా ఆ మధ్యలోనే డిక్షనరీ ఖాళీ అవుతోంది. లాప్‌టాప్‌లో కూడా, డీబగ్ మోడ్‌లో (కోడ్ మారితే ప్రోగ్రామ్ దానంతటదే రీస్టార్ట్ అయ్యే మోడ్) ఫైల్ మార్చి సేవ్ చేసినప్పుడల్లా ఇదే జరిగి ఉంటుంది. అవి టెస్ట్ ఎంట్రీలు కాబట్టి మీరు పట్టించుకుని ఉండరు.

వర్కర్లను మళ్లీ ఒకటికి తగ్గిస్తే, కనిపించి మాయమయ్యే గొడవ ఈ రోజే ఆగుతుంది. రైతులు కంగారు పడుతుంటే ముందు ఆ పని చేయండి. రెండో సమస్య మాత్రం అలాగే ఉంటుంది.

ఇక మెమరీయా, డేటాబేసా అన్న సంగతి. మొత్తం అప్లికేషన్‌కు కలిపి ఒకే జవాబు వెతకడం వల్లే ఇంత తికమక. మీ దగ్గరున్న డేటా అంతా ఒకే రకం కాదు. ఒక్కో దాన్నీ విడిగా తీసుకుని, ఇది ఈ క్షణం పోతే మళ్లీ ఎక్కడి నుంచి తెచ్చుకుంటాను అని అడగండి.

లీటర్లు, ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ పోతే ఎక్కడి నుంచీ రావు. కొలిచిన పాలు క్యాన్లలో కలిసిపోయి డెయిరీకి వెళ్లిపోయాయి. ఆ పూట తన పాలకు ఎంత ఫ్యాట్ వచ్చిందో రైతుకు గుర్తుండొచ్చు, ఉండకపోవచ్చు. ఆయన చేతికి వచ్చే డబ్బు ఆ అంకె మీదే ఆధారపడి ఉంది. కాబట్టి ఇది నొక్కిన క్షణమే డేటాబేస్‌లోకి వెళ్లాలి. స్క్రీన్ మీద "సేవ్ అయింది" అన్న మాట, ఎంట్రీ డిస్కు మీదికి చేరాకే కనిపించాలి. ఇందులో రాజీ వద్దు.

ఈ పూట కేంద్రానికి వచ్చిన మొత్తం పాలు, ఒక రైతుకు ఈ పదిహేను రోజుల్లో ఇప్పటిదాకా అయిన మొత్తం లాంటివి వేరు. ఎంట్రీలు ఉంటే వీటిని ఎప్పుడైనా మళ్లీ కూడుకోవచ్చు. మెమరీలో ఉన్నా, పోయినా, అసలు ఎక్కడా దాచకపోయినా నష్టం లేదు. ఓటీపీ పోతే ఇంకోటి పంపుతారు. లాగిన్ సెషన్ పోతే మళ్లీ లాగిన్ అవుతారు. ఫ్లాస్క్ సెషన్ మామూలుగా సర్వర్ మెమరీలో ఉండనే ఉండదు, సంతకం చేసిన కుకీ రూపంలో బ్రౌజర్‌లో ఉంటుంది. అయితే ఆ సంతకానికి వాడే సీక్రెట్ కీని ప్రోగ్రామ్ మొదలైనప్పుడల్లా కొత్తగా తయారయ్యేలా రాశారేమో ఒకసారి చూడండి. అలా రాస్తే రీస్టార్ట్ అయిన ప్రతిసారీ అందరూ లాగౌట్ అవుతారు. నాలుగు వర్కర్లు ఉంటే ఎంట్రీల్లాగే లాగిన్ కూడా వచ్చి పోతూ ఉంటుంది. కీ ఒకటే ఉండాలి, దాన్ని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (కోడ్ బయట, సర్వర్ సెట్టింగ్‌లో ఉండే విలువ) పెట్టండి.

రేట్ చార్ట్ దగ్గర కొంచెం ఆగాలి. చూడటానికి ఇది మెమరీకి సరిగ్గా సరిపోయే డేటా. చిన్నది, ఎప్పుడో గానీ మారదు, పోయినా డెయిరీ ఇచ్చిన కాగితం చూసి మళ్లీ ఎక్కించుకోవచ్చు. చాలామంది దీన్నే ముందుగా క్యాష్‌లో (త్వరగా అందేలా మెమరీలో ఉంచే కాపీ) పెడతారు. కానీ రేటు మారిన రోజు ఏమవుతుందో చూడండి. నాన్నగారు కొత్త రేటు ఎక్కిస్తారు. ఆ రిక్వెస్టు అందుకున్న వర్కర్ దగ్గర కొత్త రేటు ఉంటుంది, మిగతా మూడింటి దగ్గర పాతదే. ఒకే పూట, ఒకే ఫ్యాట్‌కు ఇద్దరు రైతులకు రెండు రేట్లు పడతాయి. ఇక్కడ డేటా పోలేదు, పాతబడింది. డబ్బు విషయంలో పోవడం కంటే ఇదే ప్రమాదం, ఎందుకంటే పోతే వెంటనే తెలుస్తుంది, పాతబడితే బిల్లు రోజు దాకా తెలియదు. అందుకే మెమరీలో పెట్టే ముందు, ఇది కాసేపు పాతదిగా ఉంటే ఎవరికైనా నష్టమా అని కూడా అడగాలి. రేట్ చార్ట్ ఇక్కడ తప్పుతుంది. దాన్ని డేటాబేస్‌లోనే ఉంచి ప్రతిసారీ చదవండి. కొత్త రేటు వచ్చినప్పుడు పాతదాన్ని చెరపకండి, ఏ తేదీ నుంచి అమలో ఆ తేదీ వేసి కొత్త వరుస చేర్చండి. పాత బిల్లు మీద ఎవరైనా ప్రశ్న అడిగితే అప్పటి రేటు చూపించగలగాలి.

ప్రతిసారీ చదివితే స్లో కాదా అంటారు మీ సీనియర్. పెద్ద సైట్ల విషయంలో ఆయన మాటకు అర్థం ఉంది. మీ విషయంలో లెక్క వేసి చూద్దాం. 140 మంది, రోజుకు రెండు పూటలు, 365 రోజులు అంటే ఏడాదికి 1,02,200 వరుసలు. ఒక్కో వరుస వంద బైట్ల లోపే ఉంటుంది కాబట్టి ఏడాది డేటా మొత్తం సుమారు 10 ఎంబీ. డేటాబేస్‌కు ఇది ఏమాత్రం బరువు కాదు. సరైన ఇండెక్స్ (పుస్తకం చివర ఉండే పదసూచిక లాంటిది) ఉంటే ఒక రైతు వరుసలు తీయడానికి ఒక మిల్లీసెకను కూడా పట్టదు. అదే రైతు ఫోన్ నుంచి రిక్వెస్టు టవర్ మీదుగా సర్వర్‌కు వెళ్లి రావడానికే పదుల మిల్లీసెకన్లు పడుతుంది, సిగ్నల్ బాగాలేకపోతే ఇంకా ఎక్కువ. డిక్షనరీ డేటాబేస్ కంటే ఎన్నో రెట్లు వేగమన్నది నిజమే, కానీ ఆ తేడా మీ రైతుకు ఎప్పటికీ తెలియదు.

ఏ డేటాబేస్ అంటే, నేను ఎస్‌క్యూలైట్‌తో మొదలుపెట్టమంటాను. డి. రిచర్డ్ హిప్ 2000లో విడుదల చేసినది. దీనికి వేరే సర్వర్ ఉండదు, పాస్‌వర్డ్ ఉండదు, ఇన్‌స్టాల్ చేసే పని కూడా ఉండదు. పైథాన్‌తో పాటే వస్తుంది. డేటాబేస్ అంతా ఒకే ఫైల్. మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్‌లో వాట్సాప్ మెసేజ్‌లు ఉండేది కూడా ఎస్‌క్యూలైట్ ఫైల్‌లోనే. దీనికున్న పరిమితి, ఒక సమయంలో ఒక్కరే రాయగలరు. మీ దగ్గర రాసేది నాన్నగారు ఒక్కరే, మిగతా అందరూ చదివేవాళ్లే. 2010లో వచ్చిన వాల్ మోడ్ (మార్పులను ముందు పక్కనున్న ఇంకో ఫైల్‌లో రాసుకునే పద్ధతి) ఆన్ చేస్తే, ఒకరు రాస్తున్నా మిగతావాళ్లు ఆగకుండా చదువుకోవచ్చు. ఇద్దరు ఒకేసారి రాయబోయినా పైథాన్ మాడ్యూల్ మామూలుగా 5 సెకన్లు ఓపిక పడుతుంది. మీకు అది చాలు.

అయితే ఒక మెలిక ఉంది, ఇది మిస్ కాకండి. చాలా ఫ్రీ హోస్టింగ్‌లలో మెమరీయే కాదు, డిస్కు కూడా తాత్కాలికమే. రీస్టార్ట్ అయినా, కొత్త వెర్షన్ పెట్టినా మీరు రాసిన ఫైళ్లన్నీ పోతాయి. అలాంటి చోట ఎస్‌క్యూలైట్ పెడితే డిక్షనరీతో ఎంత లాభమో దీనితోనూ అంతే. జేసన్ ఫైల్ గతీ అదే. మీ హోస్టింగ్ ఏదో మీరు రాయలేదు కాబట్టి, వాళ్ల డాక్యుమెంటేషన్‌లో డిస్కు నిలుస్తుందో లేదో ముందు చూడండి. నిలవదంటే రెండు దారులు. నెలకు కొద్దిపాటి డబ్బు కట్టి సొంత డిస్కున్న చిన్న వీపీఎస్ (అద్దెకు దొరికే వర్చువల్ సర్వర్) తీసుకుని అక్కడ ఎస్‌క్యూలైట్ పెట్టుకోవడం ఒకటి. అప్లికేషన్‌ను ఉన్నచోటే ఉంచి, డేటాను వేరే చోట నడిచే పోస్ట్‌గ్రెస్‌లో పెట్టడం ఇంకోటి. ఈ రెండోది ఎంచుకుంటే మీ ఫ్రెండ్ సలహా పూర్తిగా సరైనదే. ఫ్రీ డేటాబేస్‌కు కొన్నిచోట్ల కాలపరిమితి ఉంటుంది, గడువు దాటితే తీసేస్తారు. సైన్ అప్ చేసే ముందే అది చదవండి. నాకైతే మొదటి దారి ఇష్టం, ఎందుకంటే 140 కుటుంబాల పాల డబ్బు లెక్కను ఒకరి ఫ్రీ ప్లాన్ దయ మీద వదలకూడదు.

జేసన్ ఫైల్ ఆలోచన మానుకోమనడానికి ఇంకా కారణాలున్నాయి. ఒక్క ఎంట్రీ మారినా ఫైల్ మొత్తం తిరిగి రాయాలి. రాస్తుండగా ప్రాసెస్ ఆగిపోతే సగం ఫైల్ మిగులుతుంది, దాన్ని తర్వాత చదవలేరు. రెండు వర్కర్లు ఒకేసారి ఫైల్ చదివి, ఎవరి ఎంట్రీ వాళ్లు చేర్చి, వెనక్కి రాస్తే రెండోవాళ్లు రాసింది మిగులుతుంది, మొదటివాళ్లది పోతుంది. వీటన్నింటికీ జాగ్రత్తలు రాసుకుంటూ పోతే చివరికి మీరే ఒక డేటాబేస్ తయారు చేస్తున్నట్టవుతుంది.

డేటాబేస్ అంటే డేటా పోకుండా దాచే చోటు అని మాత్రమే అనుకుంటున్నారేమో. నా దృష్టిలో దానికంటే పెద్ద లాభం, అది మీ తరఫున నియమాలు పాటించేలా చూస్తుంది. నెట్ స్లోగా ఉన్న రోజు నాన్నగారు సేవ్ బటన్ నొక్కుతారు, ఏమీ కదలదు, మళ్లీ నొక్కుతారు. రెండు రిక్వెస్టులూ చేరతాయి. ఒకే రైతుకు ఒకే పూట రెండుసార్లు పాలు పడతాయి. "ముందే ఉందా చూసి, లేకపోతే చేర్చు" అని కోడ్‌లో ఇఫ్ పెడితే సరిపోదు, ఎందుకంటే రెండు వర్కర్లూ ఒకే క్షణంలో చూసి, రెండూ "లేదు" అనుకుని, రెండూ చేర్చగలవు. టేబుల్ చేసేటప్పుడే రైతు, తేదీ, పూట ఈ మూడూ కలిపి యునీక్ (రెండోసారి రాకూడదు) అని రాస్తే రెండోదాన్ని డేటాబేసే వెనక్కి పంపుతుంది. ఇండెక్స్ కూడా దానితోనే తయారవుతుంది, వేరే చేయనక్కర్లేదు. మీ ఊళ్లో ఒకే ఇంటివాళ్లు గేదె పాలు, ఆవు పాలు విడివిడిగా పోస్తే పాల రకాన్ని కూడా ఆ యునీక్‌లో కలపండి, లేకపోతే నిజమైన రెండో ఎంట్రీని కూడా ఆపేస్తుంది. నాన్నగారిని అడిగి, ఇలాంటి మినహాయింపులు ఇంకేమున్నాయో టేబుల్ రాయకముందే తెలుసుకోండి. ఆ గంట మీకు చాలా తిప్పలు తప్పిస్తుంది.

బిల్లు చేసేటప్పుడు కూడా అంతే. బిల్లు వరుస చేర్చడం, ఆ పదిహేను రోజుల ఎంట్రీలకు "బిల్లు అయింది" అని గుర్తు పెట్టడం రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో ఉండాలి. మధ్యలో సర్వర్ ఆగిపోతే రెండూ జరగనట్టే ఉంటాయి, సగం పని మిగలదు. 1983లో హేర్డర్, రాయిటర్ అనే ఇద్దరు జర్మన్ శాస్త్రవేత్తలు ట్రాన్సాక్షన్‌కు ఉండాల్సిన ఇలాంటి లక్షణాలకు యాసిడ్ అని పేరు పెట్టారు, మీ ఎంసీఏ సిలబస్‌లో చదివే ఉంటారు. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్నలా కనిపించిన ఆ సంగతి నిజంగా పనికొచ్చే చోటు ఇదే.

టెన్షన్ అన్నారు కాబట్టి చెబుతున్నాను, మీకు కావలసిన ఎస్‌క్యూఎల్ చాలా కొద్ది. టేబుల్ చేయడం, వరుస చేర్చడం, తేదీల మధ్య వరుసలు తీయడం, మొత్తం కూడటం. రెండు రోజుల్లో చేయి తిరుగుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పడే ఇబ్బందులు మాత్రం ముందే చెప్పాలి. ఇన్సర్ట్ చేశాక కనెక్షన్ మీద కమిట్ (మార్పును ఖాయం చేసే ఆదేశం) పిలవకపోతే ఆ ఎంట్రీ నిలవదు, ఎర్రర్ కూడా రాదు. రైతు పేరు, కోడ్ లాంటివి ఎస్‌క్యూఎల్ వాక్యంలో నేరుగా అతికించకండి, ప్రశ్నార్థకం గుర్తు పెట్టి విలువలు విడిగా ఇవ్వండి. డబ్బును పైసల్లో, పాలను మిల్లీలీటర్లలో పూర్ణాంకాలుగా దాచండి. పైథాన్‌లో 0.1, 0.2 కూడితే సరిగ్గా 0.3 రాదు, అలాంటి చిన్న తేడాలు బిల్లులో పైసల గొడవగా తేలతాయి. వాల్ మోడ్‌తో పాటు వేగం కోసం సింక్రోనస్ అనే సెట్టింగ్‌ను (డిస్కు మీదికి చేరిందో లేదో ఎంత గట్టిగా చూసుకోవాలో చెప్పేది) నార్మల్‌కు తగ్గించమని చాలాచోట్ల రాస్తారు. అలా చేస్తే కరెంటు పోయినప్పుడు ఫైల్ పాడవదు గానీ చివరి ఎంట్రీలు కొన్ని పోవచ్చు. మీకు ఆ వేగం అక్కర్లేదు, ఫుల్‌లోనే ఉంచండి.

రెడిస్ గురించి. సాల్వటోర్ సాన్‌ఫిలిప్పో 2009లో మొదలుపెట్టినది, చాలా మంచి పనిముట్టు. అది వేరే ప్రాసెస్‌గా నడుస్తుంది కాబట్టి మీ నాలుగు వర్కర్లూ ఒకే డేటాను చూస్తాయి, అంటే మొదటి సమస్య తీరుతుంది. డిస్కు మీద కూడా రాసుకోగలదు. దానికున్న ఒక సెట్టింగ్‌లో సెకనుకోసారి డిస్కుకు చేరుస్తుంది, హఠాత్తుగా ఆగిపోతే సుమారు ఒక సెకను డేటా పోవచ్చు. ఓటీపీలకు, సెషన్‌లకు, ఒక్కరే వందసార్లు లాగిన్ ప్రయత్నించకుండా ఆపడానికి బాగుంటుంది. కానీ మీకు ఇప్పుడు అది ఇంకో సర్వర్ నడిపే భారం తప్ప ఏమీ కాదు. రైతు, తేదీ, పూట కలిపి వెతకడం, కూడటం, నియమాలు పెట్టడం అన్నీ మళ్లీ మీరే రాసుకోవాలి.

మీరు ఇప్పటిదాకా రాసింది పారేయక్కర్లేదు. డిక్షనరీని నేరుగా తాకే చోట్లన్నీ వెతికి, వాటిని ఎంట్రీ చేర్చు, రైతు ఎంట్రీలు తీయి, బిల్లు చేయి లాంటి కొన్ని ఫంక్షన్లలోకి చేర్చండి. పేజీలు ఆ ఫంక్షన్లనే పిలవాలి. ఆ తర్వాత లోపల డిక్షనరీ తీసి ఎస్‌క్యూలైట్ పెట్టినా, రేపు పోస్ట్‌గ్రెస్‌కు మారినా పేజీలు ముట్టుకోనక్కర్లేదు. టెస్టులు రాసేటప్పుడు ఎస్‌క్యూలైట్‌ను ఫైల్ లేకుండా మెమరీలోనే తెరవవచ్చు. మెమరీ స్టోరేజ్‌కు మీ దగ్గర అసలైన చోటు అదే. ఒక కనెక్షన్‌లో తెరిచింది ఇంకో కనెక్షన్‌కు కనిపించదని మాత్రం గుర్తుంచుకోండి.

డేటాబేస్ పెట్టినంత మాత్రాన బ్యాకప్ ఉన్నట్టు కాదు. రోజూ రాత్రి ఒక కాపీ తీసి వేరే చోటికి పంపండి. వాల్ మోడ్‌లో కొత్త ఎంట్రీలు పక్కనే ఉండే ఇంకో ఫైల్‌లో ఉండొచ్చు కాబట్టి, నడుస్తున్న ఫైల్‌ను మామూలుగా కాపీ చేయకండి. పైథాన్ కనెక్షన్‌కే బ్యాకప్ అనే ఫంక్షన్ ఉంది, దాన్ని వాడండి. తీసిన కాపీని లాప్‌టాప్‌లో తెరిచి, ఒక రైతు బిల్లు సరిగ్గా వస్తోందో అప్పుడప్పుడు చూసుకోండి.

నాన్నగారి నోట్‌బుక్ ఇప్పుడే ఆపించకండి. ఈ పదిహేను రోజుల్లో పోయిన ఎంట్రీలు అందులో ఉంటే, కొత్త టేబుల్‌లోకి ముందు వాటినే ఎక్కించండి, టేబుల్ సరిగ్గా రాశారో లేదో కూడా తేలుతుంది. నోట్‌బుక్ బిల్లు, అప్లికేషన్ బిల్లు పైసలతో సహా వరసగా మూడు బిల్లులకు కలిసే దాకా రైతులకు డబ్బు నోట్‌బుక్ ప్రకారమే ఇవ్వమనండి. ఎక్కడైనా కలవకపోతే ఏ రైతుది, ఏ పూటది అని పట్టుకుని నాకు మళ్లీ రాయండి.